మొహంలో జీవం

మా మావయ్యకి నవ్వే మొహాలు నచ్చవు. "నవ్వమంటే అందరూ ఒకేలా పళ్ళికిలిస్తారు. మొహంలో జీవం రావాలంటే మనిషిని కదిలించాలి" అంటాడు. వీధిలో ముక్కూమొహం తెలియనివాళ్ళ ఫొటోలు తీసి పోటీలకి పంపడం ఆయన పిచ్చి. తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకుని వాళ్ళ మీదికి వెలుగు మళ్ళించడం, సెలవులకి వచ్చిన నా పని. నోట్లో నాలుక లేని పిల్ల, అడ్డురాదు అని అత్తతో అన్నాడు, నేను వింటుండగానే.

ఈరోజు సంచులకి జిప్పులు వేసే పెద్దావిడ వంతు. ముందు ఎదురు టీకొట్టులో ఆవిడ సంగతి ఆరా తీశాడు. ఒక్కగానొక్క కొడుకు లారీ కిందపడి పోయాడట. "అయ్యో" అంటాడనుకున్నాను. "సరిపోయింది" అన్నాడు.

కెమెరా సంచీ ఆవిడకిచ్చి, జిప్పు చూడమని ఎదురుగా కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ఒక ఫొటో తీసుకోనా?"

"తీసుకో బాబూ. ఈ వడలిన వంకాయ మొహంలో ఏముందని!" నవ్వేసింది.

నవ్వుతున్నంతసేపూ మీట నొక్కలేదు. తర్వాత ఏమీ ఎరగనట్టు అడిగాడు. "ఈ వయసులో నీకెందుకింత కష్టం? పిల్లల్లేరా?"

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగి చెంపల మీదికి జారాయి. ఈయన టకటకా నొక్కుతూ, అట్ట పైకెత్తమని నాకు సైగ. ఎత్తాను. ఆ కన్నీళ్ళ మీద వెలుగు పడేసరికి నా ఒళ్ళు మండిపోయింది.

"ఆయనకి ముందే తెలుసు! ఫొటో పోటీకి పంపాలని, టీకొట్టులో అన్నీ కనుక్కునే అడిగాడు."

నాకంత గొంతుందని నాకే తెలియదు. టీ తాగుతున్నవాళ్ళు ఇటు తిరిగారు.

"నోర్ముయ్" అన్నాడు మావయ్య.

ఆవిడ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఏదీ, చూపించు." చూపించక తప్పలేదు. చాలాసేపు చూసింది.

"తీసెయ్."

"అలా అనకు పెద్దమ్మా, నీకింత మంచి ఫొటో జన్మలో ఎవరూ తియ్యరు."

"తియ్యొద్దనే చెప్తున్నా. నా ఏడుపు నా ఇంట్లో ఏడ్చుకుంటా, నీ పోటీలో కాదు. అవన్నీ తీసేసేదాకా సంచీ ఇవ్వను."

ఒక్కొక్కటే తీసేశాడు, సొంత ఆస్తి రాసిచ్చేస్తున్నట్టు. ఆవిడ సంచీ ఆయన ఒళ్ళోకి విసిరేసింది. నావైపు కూడా చూడలేదు. ఎందుకు చూడాలి? ఆ వెలుగు వేసింది నేనేగా.

వీధి మలుపు తిరిగాక, "నీ నోటికి తాళం వేసుకుని రా. రేపు ఆసుపత్రి గేటు దగ్గరికెళ్దాం. అక్కడైతే మనం కదిలించే పనే ఉండదు" అన్నాడు మావయ్య.

అట్టని మోకాలికేసి విరిచాను. రెండు ముక్కలైనా కోపం చల్లారలేదు. నాలుగు చేశాను. తెల్లటి రవ్వలు ఆయన చొక్కా నిండా అంటుకున్నాయి.

"పిచ్చి పట్టిందా నీకు?" అని అరిచాడు. కళ్ళెర్రజేసి, మెడనరాలు పొంగి.

ఆ మొహంలో జీవం ఉంది. ఆ మాటే మొహం మీద చెప్పి, ఒక్కదాన్నే ఇంటికి నడిచాను.