లైన్లో లేని ఎనిమిదో ఏడు

ప్రార్థన గంట కొట్టేసరికి రాబోయే ఇరవై ఏళ్ళూ బాలుర ఉన్నత పాఠశాల మైదానంలోకి వచ్చి నిలబడి ఉన్నాయి. వేసవి సెలవులు కాబట్టి పిల్లలెవరూ లేరు. ఏళ్ళు మాత్రం చెప్పిన టైముకే వచ్చాయి.

డ్రిల్లు మాస్టారు తిప్పేస్వామికి ఇందులో వింతేమీ కనిపించదు. రమ్మని కబురు పెట్టింది ఆయనే. పై ఆఫీసు నుంచి ప్లానింగు మేడం నసీమా వస్తున్నారనీ, బడికి ఇరవై ఏళ్ళ అభివృద్ధి ప్రణాళిక చూపించాలనీ హెడ్మాస్టరు కేశవమూర్తి స్టాఫు రూములో చెప్పగానే లెక్కల సారుకు నడుము పట్టేసింది, సైన్సు సారుకు బంధువుల పెళ్ళి గుర్తొచ్చింది. చివరికి మిగిలింది తిప్పేస్వామి. ప్రణాళికలు రాయడం ఆయనకు చేతకాదు. ఆయనకు చేతనైంది లైను కట్టించడం.

అదృష్టం కొద్దీ మేడం కూడా రాసేదేమీ వద్దన్నారు. "రాసినవి చాలా చూశాను. ఆ ఏళ్ళనే పిలిపించండి, ఒకసారి చూసి పోతాను," అన్నారు ఫోనులో.

ఏళ్ళు పిల్లల మాదిరే ఉన్నాయి. దగ్గరి ఏళ్ళు పొట్టివి, దూరపు ఏళ్ళు పొడుగువి. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక అన్నది తిప్పేస్వామి ఉద్యోగం మొత్తంలో మార్చని నియమం కాబట్టి అవి ఎవరూ చెప్పకుండానే వరసలో సర్దుకున్నాయి. మొదటిది ఆరో తరగతి పిల్లవాడంత ఉంది, ఊరికే ముక్కు ఎగబీలుస్తోంది. నాలుగోది నిలువునా తడిసి ఉంది, దాని నిక్కరు అంచుల నుంచి వాననీళ్ళు కారుతున్నాయి. ఈ అనంతపురం నేలలో అంత తడిసిన ఏడును చూసి చాలా కాలమైంది గనక వాచ్‌మన్ ఓబులేసు దాని చుట్టూనే తిరుగుతున్నాడు. చిట్టచివరిది జెండా కర్ర కంటే ఎత్తు. దాని మొహం ఎవరికీ కనబడదు.

"మొహం కనబడకపోయినా పర్వాలేదు," అంటారు మేడం కుర్చీలో కూర్చుంటూ. "కాళ్ళు నేల మీదున్నాయి కదా."

తిప్పేస్వామి విజిల్ ఊది, "చెయ్యి చాపి దూరం తీసుకో," అంటాడు. ప్రతి ఏడూ చెయ్యి చాపి ముందున్న ఏడు భుజం మీద ఆనిస్తుంది. ఏడోదాని వరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఖాళీ. ఖాళీకి అవతల తొమ్మిదోది చెయ్యి చాపి గాల్లో తడుముకుంటోంది.

"సార్, నా చేతికి ఎవురూ తగల్లేదు," అంటుంది.

"ఎనిమిదో ఏడు," అని తిప్పేస్వామి పిలుస్తాడు. జవాబు రాదు. మళ్ళీ పిలుస్తాడు. వీధిలో ఎవరో సన్నని గొంతుతో ఏదో అంటారు, కూరగాయలమ్మే మనిషేమో అనుకుని ఆయన అటు చూడడు.

మేడం లేచి వచ్చి ఆ ఖాళీలో నిలబడి అటూ ఇటూ చూస్తారు. "మధ్యలో తెగిన లైనుకు మంజూరు ఇవ్వలేను మాస్టారూ. ఏడేళ్ళకైతే ఇస్తాను. ఆ తర్వాత ఈ బడి ఉండదు. గదులు ఎరువుల గోడౌనుకు పోతాయి," అంటారు. ఆ మాటలో కోపమేమీ లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టే చెబుతారు.

ఆమె అలా అంటుండగానే వెనకనున్న ఏళ్ళు కుంచించుకుపోవడం మొదలవుతుంది. ఆనుకునే భుజం లేక తొమ్మిదోది ముందు ఒక జానెడు తగ్గుతుంది, దాన్ని చూసి పదోది తగ్గుతుంది. నిక్కర్లు మోకాళ్ళ కిందికి దిగుతున్నాయి.

"సార్, ఇట్లే ఉంటే మధ్యాన్నానికి వీటిని అంగన్వాడీలో ఏసుకోవాల్సిందే," అంటాడు ఓబులేసు.

తిప్పేస్వామికి నవ్వు రాదు. ఈ మైదానంలో గులకరాళ్ళు ఏరింది ఆయన, ఖోఖో గీతలు గీసింది ఆయన, ఎవరి మోకాలు ఎక్కడ చెక్కుకుపోయిందో కూడా ఆయనకు గుర్తే. ఇక్కడ ఇక ఎరువుల లారీలు తిరుగుతాయట. ఈ బడి లేకపోతే తనెవరో ఆయనకే తెలియదు.

కేశవమూర్తి మాత్రం కంగారు పడరు. ఆయన దగ్గర ప్రతి కష్టానికీ ఒక సర్దుబాటు ఉంటుంది.

"దీనికింత ఆలోచన ఏంటికి తిప్పేస్వామీ? ఏడోదాన్నే రెండుసార్లు నిలబెట్టు. ఒకే ఏడును మళ్ళీ మళ్ళీ నడపడం మనకేమన్నా కొత్తా?"

ఏడో ఏడు మంచి పిల్లవాడి లాంటిది, చెప్పిన మాట వింటుంది. తన చోటు వదిలి ఎనిమిదో చోటుకు పోయి నిలబడుతుంది. అప్పుడు ఏడో చోటు ఖాళీ అవుతుంది. పరుగున వెనక్కి వస్తుంది. అప్పుడు ఎనిమిదోది ఖాళీ. అలా అటూ ఇటూ పరుగెత్తుతూనే ఉంటుంది, పరుగెత్తిన ప్రతిసారీ చొక్కా గుండీ ఒకటి ఊడి పడుతుంది, చొక్కా రంగు కొంచెం వెలిసిపోతుంది. మేడం వేలు చూపిస్తూ లెక్కపెట్టాలని చూసి, "కాస్త నిలబడమనండి, కదులుతున్నదాన్ని లెక్కపెట్టలేను," అంటారు.

ఆ వెలిసిపోయిన చొక్కాను తిప్పేస్వామి చూస్తూ ఉండిపోతాడు. దాన్ని ఆయన ఎరుగును. ప్రతి ఆగస్టులో అదే మార్చింగు, ప్రతి జనవరిలో అవే ఆటల పోటీలు, అదే ముఖ్య అతిథి, అదే స్టీలు గిన్నె బహుమతి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు తప్ప తనకు రెండో ఏడంటూ రానేలేదని ఆయనకు ఇప్పుడే తెలుస్తుంది.

విజిల్ గట్టిగా ఊదుతాడు. "చాల్లే నాయనా, నీ చోట నువ్వు నిలబడు. సార్, ఇది ఒకే ఏడు. దీన్ని ఇంకోసారి వాడొద్దు. రానిదాన్ని నేను పోయి ఎతుక్కోనొస్తా."

గేటు రోజూ నాలుగు అంగల దూరం. ఈ రోజు నడిచేకొద్దీ జరిగిపోతోంది. దారి పక్కన, పునాదుల దగ్గరే ఆగిపోయిన ల్యాబు గది గొంతుక్కూర్చుని ఉంది. "సార్, రోంత నీళ్ళు కొట్టించండి. సిమెంటు బీటలిస్తాంది," అని అడుగుతుంది. "వస్తా ఉండు, నీ పని మీదే పోతాండా," అని చెప్పి తిప్పేస్వామి ముందుకు పోతాడు. వెనకే ఓబులేసు తాళాల గుత్తి గలగలలాడిస్తూ వస్తున్నాడు.

"పొద్దున గేటు కాడికి ఎవురూ రాలేదా ఓబులేసూ?"

"ఏళ్ళయితే అన్నిట్నీ పంపిస్తి సార్. ఒక పిల్ల వచ్చింది, రెండు జడలేసుకోని. ఇది మగపిల్లోళ్ళ బడిమ్మా, నీది గాదు, పో అని చెప్తి."

"యాడికి పోయింది?"

"యాడికీ పోలే. అద్దో, గోడ మింద కూచోనుండాది."

ఆ పిల్ల కాంపౌండు గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని, మామిడికాయ ముక్కను ఉప్పూ కారంలో అద్దుకుని తింటోంది. జడలకు ఎర్ర రిబ్బన్లు. తిప్పేస్వామి కన్ను ముందుగా చూసేది ఎత్తునే. ఏడోదాని కంటే రెండు వేళ్ళు ఎక్కువ.

"ఎవురమ్మా నువ్వు?"

"ఎనిమిదో ఏడు సార్."

"ఈ బడికేనా?"

"ఈ బడికే. వేరే బడులకు వేరే ఎనిమిదో ఏళ్ళు ఉండాయి. అవి వాళ్ళ లైన్లో నిలబడుకోనుండాయి."

"మరి పిలిస్తే ఏంటికి పలకలేదు?"

"రెండుసార్లూ పలికినా సార్. మీరు మగపిల్లోని గొంతు కోసరం చూస్తాంటిరి, అందుకని మీకు ఇనపల్లేదు."

తిప్పేస్వామి ఒప్పుకుని తల ఊపుతాడు. ఇంతలో కేశవమూర్తి రొప్పుకుంటూ వస్తారు. ఆ పిల్లను చూడగానే ఆయన మొహం వాడిపోతుంది. ఆయన చెడ్డవాడు కాదు. ప్రతి పనిలోనూ రేపొచ్చే ఇబ్బందే ఆయన కళ్ళకు ముందు కనిపిస్తుంది, అంతే.

"అమ్మా, నిన్ను రమ్మనేదానికి మాకేమీ కష్టం లేదు. కానీ ఇక్కడ ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. రోంత అద్దం చూసుకోను గది లేదు. ఒంట్లో బాగలేకుంటే చెప్పుకోను ఒక టీచరమ్మ లేదు. నువ్వొచ్చి ఏం చేస్తావు, చెప్పు?"

"అందుకే గదా సార్ ఎనిమిదోదాన్నై వచ్చినా. మొదటిదాన్నై రాలేదు," అంటుంది ఆ పిల్ల వేళ్ళకంటిన కారం నాక్కుంటూ. "నా ముందర ఏడు ఏండ్లు ఉండాయి. మరుగుదొడ్డి కట్టను చాలవా?"

కేశవమూర్తి గోడకు ఆనుకుంటారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయనకు ఎవరూ ముందుగా టైము ఇవ్వలేదు. అన్నీ నిన్నటికి కావాలనే అడిగారు.

"చాలుతాయనుకో," అంటారు చివరికి నెమ్మదిగా. "అయినా వేరే ఏదన్నా ఎనిమిదో ఏడు దొరుకుతుందేమో చూద్దామా?"

"ఆ ఏడు నేనే సార్. ఇంకోటి లేదు."

కేశవమూర్తి తలెత్తి గేటు మీద 'బాలుర' అన్న ఇనుప అక్షరాల వైపు చూపిస్తారు. "చూడు తిప్పేస్వామీ. దాన్ని తీసే అధికారం నాకు లేదు, నీకూ లేదు. రేపు ఎవరన్నా అడిగితే?"

తిప్పేస్వామి ఆ అక్షరాలను చూస్తాడు. భయంగానే ఉంది. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో కూడా ఒకసారి మనసులోకి వచ్చి పోతుంది. అయినా గోడౌను లారీల కంటే ఆ భయమే నయమనిపిస్తుంది.

"గేటు సంగతి నాకు తెలీదు సార్. నా అధికారమంతా లైను మిందనే. నా లైన్లో ఎత్తు ఒక్కటే చూస్తా. వేరేది ఎప్పుడూ చూల్లేదు. ఈ పిల్ల ఏడోదాని కంటే పొడుగు, తొమ్మిదోదాని కంటే పొట్టి. దీని చోటు యాడుందో నాకు తెలుసు. అడిగినోళ్ళకు నేనే చెప్పుకుంటా. గేటు తీయి ఓబులేసూ."

ఓబులేసు తాళం తీస్తూ, "పొద్దున పొమ్మంటినని మనసులో పెట్టుకోవాకమ్మా," అంటాడు.

"లేదులే తాతా. నీకు చెప్పింది నువ్వు చెప్పినావు," అని ఆ పిల్ల గోడ దిగి లోపలికి వస్తుంది.

ఈసారి దారి నాలుగు అంగలే. ఆ పిల్ల ఏడోదానికి వీపు ఆనించి నిలబడితే తిప్పేస్వామి ఇద్దరి తలల మీదా అరచెయ్యి పెట్టి చూస్తాడు. సరిగ్గా కుదిరింది. ఆమె చెయ్యి చాపి ఏడోదాని భుజం మీద వేస్తుంది. అప్పటికి నడుము ఎత్తుకు వచ్చేసిన తొమ్మిదోది మునివేళ్ళ మీద లేచి, ఎలాగో ఆమె భుజం అందుకుంటుంది. అందుకోగానే నిక్కరు సరిపోయేంతగా సాగుతుంది. అక్కడి నుంచి పదోదానికి, పదకొండోదానికి ఎత్తు తిరిగి వస్తుంది. పన్నెండోది ఎండకని తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పితే, లోపలి నుంచి రెండు జడలు జారి భుజాల మీద పడతాయి.

"ఇదెట్ల దాటుకోనొచ్చెరా నన్ను," అని ఓబులేసు గొణుక్కుంటాడు. ఆ మాటకు లైనంతా నవ్వుతుంది. చివరిదాని నవ్వు మాత్రం కాసేపటి తర్వాత పైనుంచి వినిపిస్తుంది.

మేడం ఒక్కొక్కదాని భుజం తట్టుకుంటూ చివరిదాకా పోయి వస్తారు. "ఇరవై. మంజూరు," అంటారు.

తిప్పేస్వామికి ఏడుపొస్తుంది. సెలవు రోజు కాబట్టి దాచుకోవాల్సిన పని కూడా లేదని ఏడ్చేస్తాడు.

"ఇక బడిని తీసుకుని బయల్దేరండి మాస్టారూ," అంటారు మేడం.

"యాడికి మేడం?"

"ఏళ్ళు ఇక్కడికి వచ్చి కాపురం ఉండవు కదా. బడే వాటి వెంట పోవాలి."

అది నిజమే. తిప్పేస్వామి కళ్ళు తుడుచుకుని, పాఠశాల భవనం వైపు తిరిగి, కొత్తగా చేరిన పిల్లవాణ్ణి పిలిచినట్టు చెయ్యి ఊపుతాడు. భవనం కాసేపు మొహమాటపడుతుంది. తర్వాత మెట్లు పైకి లాక్కుని, పునాదులు దులుపుకుని, లేచి నడిచి వస్తుంది. దగ్గరికి వచ్చేకొద్దీ చిన్నదవుతోంది. మైదానం సగం దాటేసరికి ఎద్దులబండంత ఉంది. ఆయన దగ్గర ఆగేసరికి మోకాలి ఎత్తు కూడా లేదు. వరండా చాపి ఆయన చిటికెన వేలు పట్టుకుంటుంది.

అంత చిన్నదాన్ని అంత దూరం నడిపించడం ఎవరికైనా మనసొప్పదు. తిప్పేస్వామి వంగి దాన్ని ఎత్తుకుని భుజాన వేసుకుంటాడు. సున్నం ఆయన చొక్కాకు అంటుకుంటుంది. గోడలు గోరువెచ్చగా ఉన్నాయి. కేశవమూర్తి తన కుర్చీ చంకన పెట్టుకుని లైను చివర చేరతారు. గేటు దాటి రోడ్డెక్కాక బడి రెండుసార్లు ఆవలించి, కిటికీలు ఒక్కొక్కటే మూసుకుని, ఆయన మెడలో తల దూర్చి నిద్రపోతుంది. అది ఉలిక్కిపడి లేస్తుందేమోనని ఇరవై ఏళ్ళూ చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా ముందు నడుస్తున్నాయి.