ఆకుపచ్చ అట్ట నవల

సాన్ యీ పొద్దున్నే లేచి, పొయ్యి మీద ఎసరు పెట్టి, బుగ్గలకు తనాకా గంధం రాసుకుని, అన్నం ఉడికేలోగా ఓ అధ్యాయం చదువుతుంది. మధ్యాహ్నం కుట్టుమిషను ఆపి ఇంకో అధ్యాయం. మౌల్మీన్‌లో కొండ కింది వీధిలో ఆవిడ చేత రవికలు కుట్టించుకోని ఆడవాళ్లు లేరు. అయినా ఎవరూ ఆవిడ్ని దర్జీ సాన్ యీ అనరు. నవలల సాన్ యీ అనే అంటారు.

వానాకాలంలో బౌద్ధుల వర్షవాస వ్రతం మొదలవగానే ఊళ్లో ఒకరు మాంసం మానేస్తారు, ఇంకొకరు సారా మానేస్తారు. సాన్ యీ మాత్రం ఏటా ఓ చదువు మొక్కు పెట్టుకుంటుంది. ఓ ఏడు ఆడవాళ్లు రాసిన నవలలే చదివింది. ఇంకో ఏడు పెళ్లితో ముగిసే నవల ముట్టనంటే, అద్దె పుస్తకాల కొట్టు నడిపే ఊ చాన్ మ్యే తల పట్టుకున్నాడు.

"అయితే కొట్టుకు తాళం వేసుకుని నేనూ మఠానికి పోతానమ్మా!"

ఆవిడ చదువుతుంటే నవల్లోని వాతావరణం ఇంట్లోకి వచ్చేది. మంచు కథైతే కిటికీ చువ్వలు తెల్లబడేవి. ఎండల కథైతే వంటింటి దాకా ఎండ కాసేది. అందుకని ముసురు పట్టినప్పుడు వీధిలో వాళ్లందరూ తడి లుంగీలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. "అక్కా, పగాన్ వైపు ఎండల కథేదైనా తియ్యవూ, బట్టలు ముక్కవాసన కొడుతున్నాయి" అని బతిమాలేవాళ్లు. ఆవిడ చదివేది. బట్టలు ఆరేవి. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఊ చాన్ మ్యే, "ఎలా ఉంది?" అని అడిగితే, "ఎండ బాగా రాశాడు. మనుషులే పచ్చిగా ఉన్నారు" అనేది. ఆ మాట విన్నాక వారం దాకా ఆ నవల ఎవరూ అద్దెకు తీసుకునేవాళ్లు కాదు.

ఈ ఏడు ఆవిడ మొక్కు వేరు. సగంలో వదిలేసిన నవలలన్నీ పూర్తి చెయ్యాలి. ఒక్కొక్కటే పట్టుబట్టి ముగించింది. ఒకదాని మొదటి సగం నిండా ఆవులింతలే, రెండో సగంలో ఓ తగువులమారి ముసలమ్మ వచ్చి కథంతా ఎత్తుకుపోయింది. ఇంకొకటి ఎందుకు వదిలేసిందో చివరి పేజీ దాకా చదివాక కూడా ఆవిడకు గుర్తు రాలేదు.

ఆఖరికి ఆకుపచ్చ అట్ట నవల ఒక్కటే మిగిలింది. అదెందుకు వదిలేసిందో మాత్రం బాగా గుర్తుంది. అది సముద్రం కథ. తమ్ముడు యే నౌంగ్ పడవ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తిరగబడిందని కబురు వచ్చినప్పుడు ఆవిడ ఆ పుస్తకమే చదువుతోంది. మోకాలిలోతు నీళ్లలో కూర్చుని ఉంది. పుస్తకం మూసింది, నీళ్లు వెనక్కి పోయాయి. తమ్ముడు దొరకలేదు.

అతని భార్య నీలార్ అప్పట్నుంచీ సాన్ యీ దగ్గరే ఉండి రవికలకు గుండీలు కుడుతోంది. నది కనిపించే దారుల్లో నడవదు. ఆమె తల్లి ఎదురుగా బీలూ దీవిలో ఉంది. పడవెక్కకుండా అక్కడికి పోలేం. తల్లికి చూపు మందగిస్తోందని, ఒక్కసారి రమ్మని పడవవాళ్లు కబుర్లు తెస్తూనే ఉన్నారు. నీలార్ వింటుంది, సూదిలో దారం ఎక్కించుకుంటుంది.

ఆ మధ్యాహ్నం గుండీల డబ్బా పక్కన పెట్టి అడిగింది.

"వదినా, ఇంకా ఎన్ని మిగిలాయి?"

"ఒకటే. అది పోనీలే. బుద్ధుడు నవలల లెక్క అడగడు."

"పడవవాడు పొద్దున మళ్లీ వచ్చాడు. అమ్మ నా మొహం మరిచిపోతున్నానని ఏడుస్తోందట. పైకి చదువు వదినా. నేను మెట్ల మీద కూర్చుంటాను."

సాన్ యీ ఆమెను ఎగాదిగా చూసి, పుస్తకం తెచ్చుకుంది. ఇంతలో పక్కింటి ఖిన్ ఠ్వే తలుపు సందులోంచి తొంగి చూసింది.

"సముద్రమటగా! లోతెంత? మా బియ్యం బస్తా పైకి ఎత్తుకోమంటావా?"

"ఎత్తేసుకో. పిల్లికూనల్ని కూడా ఎత్తుకో."

మొదటి పేజీకే నీళ్లు వచ్చాయి. పాదాలు తడిపి, మిషను తొక్కుడు పలక ముంచి, దండెం మీద రవికల అంచులు అందుకున్నాయి. నీలార్ మెట్టు మెట్టుకూ పైకి జరిగింది.

"ఈయనకు తొందరే లేదు. ఒక్క అల విరగడానికి రెండు పేజీలు పట్టింది," అంది సాన్ యీ.

"అలలు అంతే వదినా. అంతసేపూ పడుతుంది," అంది నీలార్. భర్త పోయాక ఆమె నీళ్ల గురించి మాట్లాడటం అదే మొదలు.

తుపాను అధ్యాయం వచ్చింది. నీళ్లు నల్లబడ్డాయి. ఇంటి దూలాలు మూలిగాయి. సాన్ యీ పుస్తకం దించేసింది.

"నా వల్ల కాదే."

"ఆపకు!" నీలార్ అరిచింది. "ఆ పైన ఏమైందో నాకు తెలియాలి. నాకెవరూ చెప్పలేదు."

సాన్ యీ చదివింది. గాలి హోరులో తన గొంతు తనకే వినపడకపోయినా చదివింది. పడవ మునిగింది. సముద్రం ఇల్లంతా నిండి కప్పు దాకా వచ్చింది. ఇద్దరూ దానిలోనే ఉన్నారు, ఊపిరి మామూలుగానే ఆడుతోంది.

తర్వాతి అధ్యాయంలో గాలి పడిపోయింది. నీళ్లు తేటపడ్డాయి. ఎక్కడో పైనుంచి వెలుగు నిలువుగా జారి వంటింటి గిన్నెల మీద పడింది. అప్పుడు వీధి గుమ్మం వైపు నుంచి ఓ నీడ కదిలింది. తిమింగలం. దాని పక్క ఒక్కటే గోడ నుంచి గోడ దాకా ఉంది. అది వీళ్లను దాటి పోతూనే ఉంది, పోతూనే ఉంది. పేజీ తిప్పినా తోక రాలేదు. సాన్ యీ చదవడం గుసగుసలోకి దిగింది.

నీలార్ మెట్లు వదిలేసింది. చేతులు చాచి ఆ వెలుగులో తేలింది. ముందు భర్త కోసం అన్ని మూలలా వెతికింది. అతను లేడు. వెతకడం ఆపి, చుట్టూ చూస్తూ ఉండిపోయింది. నేల కనబడలేదు, కప్పు కనబడలేదు.

"ఇంత పెద్దదా వదినా!" అంది. "ఇంత పెద్దదానికి నా మీద పగేముంటుంది?"

సాన్ యీ కళ్లు తుడుచుకోలేదు. ఆ నీళ్లలో తుడుచుకునే పని లేదు. చివరి వాక్యం దాకా చదివి, పుస్తకం మూసింది.

మర్నాడు ఊ చాన్ మ్యే పుస్తకం అందుకుని, "ఎలా ఉంది?" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లందరూ చెవులు రిక్కించారు. సాన్ యీ "వచ్చే ఏడు మళ్లీ ఇవ్వు" అని మాత్రం అంది.

అదే సమయానికి రేవులో పడవవాడు నీలార్‌ను చూసి గడ కింద పెట్టేశాడు.

"మధ్యలో కూర్చో తల్లీ, ఊపు తెలియదు."

"అంచునే కూర్చుంటాను బాబాయ్."

దారి పొడుగునా ఆమె చెయ్యి నీళ్లలోనే ఉంది.

దీవిలో ఆమె తల్లి వాకిట్లో చాప మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. ఎవరో వచ్చి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నట్టు తెలిసి, చేతులు చాచింది. చేతివేళ్లు నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా దిగి, మళ్లీ పైకి వచ్చి కనురెప్పల మీద ఆగిపోయాయి.

"ఎలా వచ్చావే?"

"పడవలో వచ్చానమ్మా."

ముసలామె చేపల చేట పక్కకు నెట్టి, చాప మీద కొంచెం అటు జరిగి, కూతురికి చోటు చేసింది.