మందు పెట్టమన్నాడు

జయరాం ఎంత గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడో బంగారు గనుల మారికుప్పంలో ఎవరిని అడిగినా చెబుతారు. టీ కొట్టు దగ్గర ఒక్క మాట కదిపితే చాలు, తొంభై మూడో సంవత్సరం ఫైనల్లో సగం గ్రౌండు దూరం నుంచి కొట్టిన గోలు గురించి అరగంట వినాలి. ఆ రోజుకి పుట్టని వాళ్ళు కూడా కళ్ళారా చూసినట్టే చెబుతారు. ఆ గోలుకు పది నిమిషాల ముందు ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. కోచ్‌గా కూడా అతను తక్కువవాడేం కాదు. పదహారేళ్ళలో తొమ్మిది కప్పులు తెచ్చాడు. గొప్ప ఆటగాళ్ళు చాలామంది కోచ్‌లయ్యాక చతికిలబడ్డారు. తమకు వచ్చింది ఎదుటివాడికి ఎందుకు రాదో అర్థంకాక పళ్ళు కొరుక్కున్నారు. జయరాం అట్లా కాదు, తనకు వచ్చినదంతా తన జట్టుకు నేర్పించాడు. ఇబ్బందల్లా ఆ వచ్చినదాంట్లో ఏమేం ఉన్నాయన్నదే.

గనిలో పనిచేసిన ఇళ్ళలో మందు అంటే ముందుగా గుర్తొచ్చేది పేలుడు మందు. బండకు బెజ్జం వేసి, మందు కూరి, దూరంగా పోయి పేల్చడం. జయరాం తండ్రి చేసిన పని అది. గని మూతపడేదాకా జయరాం చేసిన పనీ అదే. ఆట దగ్గరికి వచ్చినా ఆ మాటే నోట్లో ఉండిపోయింది. లైను పక్కన నిలబడి, చెయ్యెత్తి, “వానికి మందు పెట్టు” అని కేక వేశాడంటే అవతలి జట్టులో ఒకడు ఆ రోజుకి మంచం ఎక్కినట్టే. బాలు ఎక్కడుందో వదిలేసి మోకాలు ఎక్కడుందో చూడడం, దాని మీద బూటు దించడం, ఇంతే ఆ విద్య. బెంగళూరు నుంచి వచ్చే రెఫరీలకు ఈ సంగతి తెలియదు. దెబ్బ తగిలినవాడికి మందు రాయమంటున్నాడు, ఎంత పెద్ద మనసో అనుకుని పోయేవాళ్ళు.

నాలుగేళ్ళుగా ఆ పని మంజుది. మంజు జట్టుకు స్టాపర్, గోలు ముందు అడ్డం నిలిచేవాడు, ఇరవై నాలుగేళ్ళవాడు. వాడి తండ్రి గనిలో జయరాంతో కలిసి పనిచేసి, ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి పోయాడు. అప్పటి నుంచి మంజుకు తిండి పెట్టిందీ, బూట్లు కొనిచ్చిందీ జయరామే. మంజుకు ఎవరి మీదా కోపం లేదు. చెప్పింది చేస్తాడు, చేశాక కుళాయి దగ్గర కూర్చుని బూట్లు కడుక్కుంటాడు. నిరుడు సెమీ ఫైనల్లో జయరాం అందరి ముందూ, “ఈపొద్దు మందు లేదు, సుమ్నే ఆట మాత్రం ఆడండి” అన్నాడు. చివరి పావుగంటలో ఒక గోలు వెనకబడేసరికి తనే కేక వేశాడు. మందు లేదంటే, కేక వేసేదాకా లేదు అని మంజుకు అప్పుడు అర్థమైంది.

ఈసారి ఫైనల్ కోలారు జట్టుతో. ఆ జట్టును తయారు చేసింది చిన్నవెంకటప్ప. అతనూ ఒకప్పుడు ఆడినవాడే, అట్లా ఇట్లా కాదు. కుడి పక్క నుంచి బాలు తీసుకుని బయలుదేరితే నలుగురు కలిసినా ఆపలేకపోయేవాళ్ళు. తొంభై మూడు ఫైనల్లో అతను అవతలి జట్టు. జయరాం కావాలనే బూటుతో అతని మోకాలు విరగ్గొట్టాడు. ఆ తర్వాత పది నిమిషాలకే ఆ గొప్ప గోలు. చిన్నవెంకటప్ప మళ్ళీ ఆడలేదు. కోలారు పోయి, టమోటా మార్కెట్లో గుమాస్తా పని చూసుకుంటూ, సాయంకాలం పిల్లలకు ఆట నేర్పించాడు. ఇప్పుడు మూడేళ్ళుగా జిల్లాలో ఆ జట్టుకు ఎదురు లేదు. చిన్నవెంకటప్ప బండకు బెజ్జం వేసే ఇనుప కడ్డీని ముక్క కోయించి, దానితో చేతికర్ర చేయించుకున్నాడు. మామూలు కర్ర మోయలేనంతగా ఆ కాలు వంగిపోయింది.

ఫైనల్‌కు మూడు రోజుల ముందు, పొద్దున్నే, ఆ ఇనుప కర్ర చప్పుడు జయరాం వాకిట్లో వినబడింది. మోకాలు విరిగిన ఈ ముప్పై ఏళ్ళలో చిన్నవెంకటప్ప ఆ గడపకు రావడం అదే మొదలు.

“రాప్పా, కూర్చో,” అన్నాడు జయరాం.

“కూర్చుంటే లేసేది కష్టం. నిలబడే చెప్తాను. నా మోకాలు గురించి అడిగేదానికి రాలేదు. మావోడు యశ్వంతు ఉండాడు కదా, వాన్ని బెంగళూరు క్లబ్బోళ్ళు పిలిచినారు. సోమవారం పొద్దున బండికి పోవాల. ఆదివారం నీతో ఆట ఉండాది.”

“అట్లైతే ఆడించొద్దు. ఇంట్లో పెట్టుకో.”

“దాచిపెట్టుకునేదానికా సాకింది? లేకలేక నలభై దాటినాక పుట్టినోడు. ఆడతాడు, గెలుస్తాడు కూడా. వాని కాళ్ళు రెండూ నాకు వాపస్ ఇయ్యి, ఇంగేం అడగను.” చిన్నవెంకటప్ప బరువంతా కర్ర మీదికి మార్చుకున్నాడు. “వానికి బాలు తన్నేది నేర్పించక ముందు నీ మాట నేర్పించినాను జయరామా. మందు పెట్టు అని యినబడితే బాలు వదిలేసి కాళ్ళు కాపాడుకో అని. ఏ నాయనైనా కొడుక్కి నేర్పించేదా అది?”

జయరాంకు సిగ్గేసింది. ఆ మోకాలు గుర్తొచ్చి, పళ్ళెం నిండా అన్నం ముందు పెట్టుకుని తినలేని రోజులు అతనికీ ఉన్నాయి, ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా తప్పయిందనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతూనే ఉంది. ఆ పొద్దు కూడా రాలేదు. లేచి వెళ్ళి చిన్నవెంకటప్ప చేతిలో చెయ్యి వేశాడు.

“మందు లేదు. వాడు నడుచుకుంటా వస్తాడు, నడుచుకుంటా పోతాడు. నాది పూచీ.”

ఆదివారం మూడు గంటలకు ఆట మొదలయ్యే ముందు మంజును పక్కకు పిలిచి అదే చెప్పాడు. “ఆ పిల్లోని మీద గోరు కూడా పడకూడదు. యినబడిందా?”

“సరేప్పా,” అన్నాడు మంజు. అని, బూటు లేసులు కట్టుకుంటూ తనలో తాను నవ్వుకున్నాడు. జయరాం ఆ నవ్వు చూడలేదు.

గాలి ఎక్కువగా ఉంది. బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీద నుంచి తెల్లటి పొడి లేచి గ్రౌండు మీదికి కొట్టుకొస్తోంది. ఆట మొదలైన పావుగంటకే ఒక మోచెయ్యి తగిలి కోలారు కుర్రాడి పళ్ళు రెండు ఊడాయి. నోటి నిండా రక్తంతో వాడు గోలు దగ్గర కూర్చుండిపోతే, ఆ జట్టు మందుల సంచి మోసేవాడు సంచితో సహా వాడిని ఆసుపత్రికి తీసుకుపోయాడు. దానికి బదులు అన్నట్టు మారికుప్పం గోల్‌కీపర్ కడుపులో ఎవరో మోకాలితో పొడిచారు. జనం ఒకరి అమ్మల్ని ఒకరు మూడు భాషల్లో తిట్టుకున్నారు. తెలుగులో మొదలైన తిట్టు అరవంలోకి పోయి కన్నడంలో ముగిసేది.

ఆ రభసలో యశ్వంత్ ఒక్కడే ఆట ఆడాడు. కుడి పక్క నుంచి బాలు తీసుకుని బయలుదేరాడు, ముగ్గురిని దాటాడు, నాలుగోవాడు మంజు. మంజు కాలు ఎత్తి, మళ్ళీ దించుకున్నాడు. యశ్వంత్ గోలు కొట్టాడు. తన జట్టు మీద గోలు పడితే సంతోషించిన కోచ్ ఎవరైనా ఉంటే ఆ రోజు జయరామే. తను విరగ్గొట్టిన నడక, తను విరగ్గొట్టిన పరుగు మళ్ళీ ఎదురుగా కనబడుతుంటే అతనికి ఏడుపొచ్చినంత పనయింది. అవతలి లైను పక్కన ఇనుప కర్ర మీద ఆనుకుని చిన్నవెంకటప్ప నిలబడి ఉన్నాడు. ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నవెంకటప్ప తల ఊపాడు.

హాఫ్ టైం తర్వాత మారికుప్పం స్కోరు సమం చేసింది, అదీ కనుబొమ చిట్లి కారుతున్న రక్తంతో ఒకడు తలతో కొట్టిన గోలు. ఇంకా పది నిమిషాలు ఉంది అనగా యశ్వంత్ పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఒక్కసారి పిక్క పట్టుకుని వంగిపోయాడు. కండరం పట్టేసింది. ఆట అవతలి కొసన నడుస్తోంది కనుక రెఫరీ చూడలేదు. పిల్లవాడు ఒంటికాలి మీద నిలబడలేక, కూర్చోలేక బాధతో మెలికలు తిరుగుతున్నాడు. వాడికి ఐదారు గజాల్లో మంజు ఉన్నాడు.

కోలారు వాళ్ళకు మందుల సంచి లేదని జయరాంకు గుర్తుంది. తన సంచిలో నుంచి నొప్పికి కొట్టే మందు డబ్బా లాక్కుని లైను వెంబడి పరిగెత్తాడు. అరవై దాటిన ఒళ్ళు, ఎంత పరిగెత్తగలదు. ఇంతలో అవతల కోలారు గోల్‌కీపర్ తన్నిన బాలు గాల్లోకి లేచి ఇటే వస్తోంది. డబ్బా పట్టుకున్న చెయ్యి పైకెత్తి జయరాం గొంతు చించుకుని అరిచాడు.

“మంజూ, బాలు బయటికి తన్నేయ్. వాని కాలికి మందు పెట్టు. బిరీన పెట్టు.”

తల్లి చెప్పినట్టు చెప్పాడు. మోకాలు గీరుకుపోయి ఇంటికొచ్చిన పిల్లవాడికి ఏ తల్లైనా ఆ మాటే అంటుంది. పదహారేళ్ళుగా తను ఆ మాటను ఏం చేశాడో ఆ క్షణంలో అతనికి గుర్తే లేదు.

మొదటి మాట జనం గోలలో కలిసిపోయింది. రెండోది అందరికీ వినబడింది. మంజు ఒకసారి లైను వైపు చూశాడు. తెల్లటి దుమ్ములో ఎత్తిన చెయ్యి కనబడింది, చేతిలో డబ్బా కనబడలేదు. సరేనని తల ఊపాడు.

యశ్వంత్ కూడా విన్నాడు. తండ్రి నేర్పినట్టే బాలు వైపు చూడకుండా నేల మీద కూలబడి కాళ్ళు రెండూ లోపలికి లాక్కోబోయాడు. ఎడమ కాలు ముడుచుకుంది. పట్టేసిన కుడి కాలు ముడుచుకోలేదు. మంజు నాలుగు అడుగులు పరిగెత్తి రెండు కాళ్ళతో ఎగిరి దాని మీద దిగాడు. ఎముక విరిగిన చప్పుడు టీ కొట్టు దాకా వినబడిందని తర్వాత చెప్పుకున్నారు. మోకాలి కింద కాలు పక్కకు తిరిగిపోయింది, చర్మం చీల్చుకుని ఎముక బయటికి వచ్చింది.

“వద్దురా,” అని జయరాం అరిచేసరికి అంతా అయిపోయింది.

ఆ తర్వాత గ్రౌండు గ్రౌండులా లేదు. కోలారు కుర్రాళ్ళు పది మంది మంజు మీద పడ్డారు. ఒకడు మూల జెండా కర్ర పీకి మొహం మీద కొట్టాడు. మారికుప్పం జనం తాడు తెంపుకుని లోపలికి దూకారు. రాళ్ళు, బెల్టులు, విరిగిన బెంచీ కోళ్ళు, చేతికి ఏది దొరికితే అది. రెఫరీ విజిల్ జేబులో వేసుకుని గేటు వైపు పరుగు తీశాడు. జయరాం గుంపులోకి దూరాడు. డొక్కలో ఎవరో తన్నారు, నెత్తి మీద రాయి తగిలి కంట్లోకి రక్తం కారింది. మంజు దగ్గరికి చేరేసరికి వాడి ముక్కు చితికిపోయింది, ఒక చెవి సగం వేలాడుతోంది.

గుంపు తనంతట తానే విడిపోయింది. ఇనుప కర్ర ఈడ్చుకుంటూ చిన్నవెంకటప్ప వచ్చాడు. మంజు తలకు గురిచూసి కర్ర పైకెత్తాడు. అది పడితే తల రెండు చెక్కలే.

“చెప్పింది చేసినానప్పా,” అన్నాడు మంజు, నోట్లో రక్తం ఉమ్ముతూ. “జయరామప్ప మందు పెట్టమన్నాడు. అందరూ యిన్నారు. అడగండి.”

అంటూ జయరాం వైపు తిరిగాడు. అప్పుడు అతని చేతిలో డబ్బా చూశాడు.

“ఆ మందా, అప్పా?” అన్నాడు, జయరాంకు మాత్రమే వినబడేంత మెల్లగా.

అవును అంటే చాలు. డబ్బా ఎత్తి చూపిస్తే చాలు. చేతిలో చెయ్యి వేసి ఇచ్చిన మాట నిలబడుతుంది, ముప్పై ఏళ్ళ తర్వాత ఒక్కసారైనా జయరాం మంచివాడవుతాడు. కాకపోతే ఆ ఇనుప కర్ర మంజు తల మీద పడుతుంది, ఎవరూ చెప్పకుండానే పిల్లవాడి కాలు విరిచినవాడని. వాడికి ఆ మాట నేర్పించింది ఎవరో జయరాంకు తెలుసు. డబ్బా ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు.

“నేనే చెప్పినాను,” అన్నాడు. “వాన్ని వదిలేయండి.”

“చేతిలో చెయ్యేసినావే,” అన్నాడు చిన్నవెంకటప్ప. కర్ర మంజు మీద నుంచి ఇటు తిరిగింది.

“ఏసినాను.”

కర్ర జయరాం మోకాలి మీద దిగింది. అతను పడిపోయాక అదే చోట మళ్ళీ దిగింది. మూడో దెబ్బకు మోకాలిచిప్ప లోపల ముక్కలైపోయింది. జయరాం అరిచాడు, కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు. నాలుగోసారి ఎత్తబోయి చిన్నవెంకటప్ప తనే కూలబడి, నేల మీద తల ఆనించి ఏడ్చాడు. ఈలోగా పోలీసుల జీపు చప్పుడు వినబడింది. జనం చెదిరిపోయారు.

అంబులెన్స్ రావడానికి ఇంకా టైము పట్టేట్టు ఉంది. జయరాంకు నాలుగు గజాల అవతల యశ్వంత్ పడి ఉన్నాడు, గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఏం చెయ్యాలో తెలియక జట్టువాళ్ళు చుట్టూ నిలబడి చూస్తున్నారు. విరిగిన ఎముకకు ఆ డబ్బా ఏం చేస్తుంది, ఏమీ చెయ్యదు. జయరాంకు ఆ ఆలోచన లేదు. జేబులో నుంచి డబ్బా బయటికి లాగి, మోచేతుల మీద పాకబోయి, పాకలేక, చెయ్యి చాచాడు.

“నా సంగతి ఉండనీ,” అన్నాడు. “ముందు పిల్లోని కాలికి మందు పెట్టండప్పా.”

ఒక్కరూ కదల్లేదు. మంజు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. యశ్వంత్ ఆ మాట విన్నాడు. ఏడుపు ఆపేసి, వంగి, రెండు చేతులతోనూ బాగున్న కాలిని గట్టిగా పట్టుకున్నాడు.