జాబితాలో లేని గొంతు

ఆమె మరిదిని ఇంట్లో అందరూ కత్తెర అంటారు. ఏ వస్తువైనా సరే, అతని చేతిలో పడితే సగమై తిరిగొస్తుంది. అన్న పెళ్ళి ఫొటోల్లోంచి చుట్టాలనే కత్తిరించి పారేసిన మహానుభావుడు.

అలాంటివాడికి ఆ ఉదయం వదిన తన కంప్యూటర్ అప్పగించింది. వేరే దారి లేదు. ఆమెకు చూపు లేదు. తెర మీది అక్షరాలను కంప్యూటర్ చదివి వినిపిస్తేనే పని చేసుకోగలదు. ఫిర్యాదులకు జవాబులు రాసే ఉద్యోగానికి పరీక్షగా, సరిగ్గా పదింటికి నీళ్ళ ఆఫీసు నుంచి ఒక ఫిర్యాదు మెయిల్‌లో వస్తుంది. పావుగంటలో సరైన జవాబు వెళ్తేనే రెండోది పంపుతారు, లేకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. నిన్న చూసుకుంటే ఆ ముసలి కంప్యూటర్ మాట మాటకూ నత్తి కొట్టింది.

"మొత్తం తుడిచేసి కొత్తగా వేద్దాం వదినా. అక్కర్లేనివన్నీ మోస్తోంది కాబట్టే ఆయాసపడుతోంది. నువ్వు వాడేవి చెప్పు, అవి మాత్రమే పెడతా."

"అన్నీ ఉంచి వేస్తే?"

"మళ్ళీ మొదటికొస్తుంది."

ఆమె మనసు పీకుతూనే ఉంది. అయినా ఒక్కో వేలూ ముడుస్తూ చెప్పింది. టైపింగ్, మెయిల్, క్యాలెండర్. అతను కాగితం మీద రాసుకున్నాడు.

పదికి పది నిమిషాలుందనగా పని ముగిసింది. "మీట నొక్కగానే లేచి కూర్చుంటోంది," అన్నాడు గొప్పగా.

ఆమె కుర్చీ లాక్కుని మీట నొక్కింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. మళ్ళీ నొక్కింది.

"గొంతేదిరా?"

కాగితం ఫరఫరలాడింది. "జాబితాలో... నువ్వు చెప్పలేదు వదినా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "నీకు కళ్ళుండాలని నువ్వెప్పుడైనా జాబితాలో రాసుకున్నావా?"

ఇంట్లో ఉన్న నత్తనడక నెట్‌తో గొంతును దింపుకోవాలంటే నలభై నిమిషాలు. అంతలో పదయింది. మెయిల్ వచ్చిన సంగతి కూడా అతనే చెప్పాల్సి వచ్చింది.

"నువ్వు చదువు, నేను టైపు చేస్తా."

"అయ్యా, నమస్కారం... ఏదో సోది... మూడు రోజులుగా కుళాయి రావడం లేదు, ట్యాంకరు పంపండి. అంతే."

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "ఆ సోది కూడా చదువు."

"పదకొండు నిమిషాలే ఉంది వదినా."

"చదువు."

అతను చదివాడు. "మా ఆయన మంచం మీదే ఉన్నారు. ఇంట్లో ఇద్దరమే. నేను బకెట్ మోసుకుని నాలుగంతస్తులు ఎక్కలేను." చివరికి వచ్చేసరికి అతని గొంతు తగ్గిపోయింది.

ఆమె అప్పటికే టైపు చేస్తోంది. ట్యాంకరుతో పాటు నీళ్ళు పైకి చేర్చే మనిషి కూడా కావాలని రాసుకున్నాం, అని ముగించింది.

"ఇప్పుడు నేను రాసింది చదువు. అక్షరం వదలకు."

అతను చివరి చుక్క దాకా చదివాడు. ఆమె పంపింది. తర్వాత ఇద్దరూ మెయిల్ కోసం చూస్తూ కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"రెండోది వచ్చింది వదినా," అన్నాడు మరిది. ఆమె అడక్కముందే మొదటి నమస్కారం నుంచి మొదలుపెట్టాడు.