పెట్రోల్ ట్యాంకు మూత

మా అమ్మాయి కారు సరిగ్గా ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతుంది. పావుగంట ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. పదిహేను రోజులుగా ఇదే వరస. పాత స్పోర్ట్స్ కారు. సీట్లు రెండే, నేలకు జానెడెత్తు. "మీ అమ్మకంటే రెండేళ్ళు పెద్దది, అయినా ఇంత గోల చెయ్యదు" అంటారు మా ఆయన.

సోమవారానికి అది బాగవ్వాలి. పాత కార్లు బాగుచేసే వర్క్‌షాపు ఓనరు మా అమ్మాయితో ఒకటే మాట అన్నాడట: "నువ్వు బాగుచేసుకున్న బండిని నువ్వే నడుపుకుంటూ రా. వస్తే ఉద్యోగం నీదే." గంట ప్రయాణం, మధ్యలో ఫ్లైఓవర్. దాని మీద ఈ కారు ఆగినట్టూ, వెనక లారీవాడు ఫోన్ చూసుకుంటున్నట్టూ నాకు పట్టపగలే కనిపిస్తుంది.

శనివారం మధ్యాహ్నం అమ్మాయి షెడ్డులో బానెట్ ఎత్తి తల లోపల పెట్టింది. అప్పటికే ప్లగ్గులు మార్చింది, కాయిల్ మార్చింది, కార్బురేటర్ విప్పి నా స్టీలు పళ్ళెంలో కడిగింది. ఆ పళ్ళెం ఇక మనుషులకు పనికిరాదు.

"చెయ్యి తెగింది చూశావా? అంత తుప్పులో..."

"తెగలేదమ్మా, గీసుకుంది."

"గీసుకోవడమంటే ఏమిటే మరి?"

అది మా తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. వాడు ముప్పై ఏళ్ళుగా లారీ నడుపుతున్నాడు.

"ఆగినప్పుడు చూస్తే కార్బురేటర్లో చుక్క పెట్రోల్ ఉండట్లేదు మావయ్యా. పంపు కొత్తదే, పైపులు ఊది చూశా."

"అయితే ట్యాంకుకి ఊపిరాడట్లేదే. పెట్రోల్ తగ్గేకొద్దీ లోపలికి గాలి రావాలి కదా. మూతకి సన్నటి చిల్లుంటుంది, చూడు."

"అది బండి తెచ్చిన రోజే సూదితో శుభ్రం చేశా. వెలుతురుకి పెట్టి మరీ చూశా. అది కాదు."

"అయితే నాకు తట్టట్లేదు. మీ అమ్మనడుగు, ఆవిడకి తెలియని ప్రమాదం లేదు" అని నవ్వి పెట్టేశాడు.

ఆ చిల్లు మూసింది నేనే.

షెడ్డు మా వంటింటి కిటికీకి ఆనుకునే ఉంటుంది. పదహారు రోజుల కిందట పొయ్యి వెలిగించబోతుంటే గుప్పున పెట్రోల్ వాసన. కారు చుట్టూ వాసన చూస్తూ తిరిగితే మూత దగ్గర ఎక్కువగా ఉంది. తిప్పి చూస్తే ఆవగింజంత చిల్లు. తయారుచేసినవాళ్ళే వదిలేసిన లోపం అనుకున్నాను. ట్యాంకు కారితే లారీవాళ్ళు సబ్బు పెడతారని ఈ తమ్ముడే ఒకప్పుడు చెప్పాడు. బట్టల సబ్బు నలిపి బొటనవేలితో కూరేశాను. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడూ చెప్పకపోతే? కారు సోమవారం కదలదు. లారీ ఉండదు, ఫ్లైఓవర్ ఉండదు, పిల్ల నా కళ్ళెదుటే ఉంటుంది. నేను ఏమీ చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. లోపలికెళ్ళి కూర్చున్నాను. లేచాను. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచాను. నిలబడలేక కిటికీ దగ్గరికి వచ్చాను.

షెడ్డులో అమ్మాయి వాళ్ళ నాన్నతో అంటోంది: "ఓనరుకి రాలేనని చెప్పేస్తా నాన్నా. ఇన్ని రోజులూ తప్పెక్కడుందో కూడా కనిపెట్టలేకపోయా. నాకీ పని రాదు. వచ్చనుకున్నా, అంతే."

స్పానర్లను ఒక్కొక్కటే తుడిచి, చిన్నదాని పక్కన పెద్దది పెట్టెలో సర్దుతోంది. ఎప్పుడూ విసిరేసే పిల్ల. సర్దడం అయ్యాక ఫోన్ తీసింది.

"ఆ మూత ఇంకోసారి చూడవే" అన్నాను కిటికీలోంచి.

"చూశానన్నానుగా అమ్మా."

"నువ్వు చూశాక నేను సబ్బు పెట్టాను."

మా ఆయన నవ్వబోయి దాని మొహం చూసి ఆగారు. అది మూత తిప్పి, వెలుతురుకి పెట్టి, చాలాసేపు చూసింది.

"పదిహేను రోజులమ్మా!"

"వాసనొచ్చిందే. పక్కనే పొయ్యి..."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే వినేదానివా?"

"వినేదాన్ని కాదు" అంది. సూది తెమ్మంది. సబ్బు తీస్తూ మూత కిందికి చూసి, "రబ్బరు వాషరు సన్నగా చీలింది. పావుగంటకి గాలి దూరేది అందులోంచే. నీకు వాసన నిజంగానే వచ్చిందమ్మా" అంది. నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఆదివారం కొత్త వాషరు వేసి గంటసేపు తిప్పుకొచ్చింది. ఎక్కడా ఆగలేదు.

సోమవారం అది బయల్దేరాక నేను గడియారం ముందే ఉన్నాను. నలభై నిమిషాలకి ఫోన్ మోగింది.

"ఏమైంది? ఎక్కడ గుద్దుకున్నావు?"

"ఫ్లైఓవర్ దాటేశానమ్మా!"

"బండి నడుపుతూ ఫోనా? పెట్టెయ్ ముందు!"

"పక్కకి ఆపే మాట్లాడుతున్నా."

"ఆపావా? మళ్ళీ స్టార్ట్ కాకపోతే?"

అది పెట్టేసింది. తర్వాత రెండు గంటలు నేను ఎలా ఉన్నానో మా ఆయన్ని అడగాలి. మళ్ళీ మోగగానే ఎత్తాను.

"ఉద్యోగం వచ్చిందమ్మా. రేపట్నుంచి రమ్మన్నారు. ఈ బండిలోనే వచ్చేయమన్నారు."

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

"రోజూనా?" అన్నాను.

"ఆదివారం సెలవేలే" అంది.