భూమి కింద పని

“భూమి కింద పనేగా, ఎవరికి కనిపిస్తుంది? అది నువ్వు చూసుకో,” అన్నాడు మొగుడు, కంప్యూటర్ ముందు నుంచి లేచి ఒళ్ళు విరుచుకుంటూ. ఆమె అప్పుడు మంచం మీద కూర్చుని అతని చొక్కాలు మడతపెడుతోంది.

అతనికి నగరాలు కట్టే ఆట పిచ్చి. ఖాళీ నేల ఇస్తారు. రోడ్లు వేసి, ఇళ్ళూ ఆఫీసులూ ఆసుపత్రులూ కడితే జనం వచ్చి చేరతారు. అతను ఆకాశాన్నంటే భవనాలు కట్టి, వాటి మీద ఉదయపు ఎండ పడేట్టు వీడియోలు తీసి, ‘నగరాధిపతి’ అనే పేరుతో నెట్‌లో పెట్టేవాడు. చూసేవాళ్ళు వేలల్లో ఉండేవారు. అయితే జనాభా లక్ష దాటేసరికి అధిపతిగారి నగరం బిగుసుకుపోయేది. అంబులెన్సులు దారిలోనే ఆగిపోయేవి, చెత్త లారీలు కదిలేవి కావు, జనం విసిగిపోయి ఇళ్ళు ఖాళీ చేసి పోయేవారు. మెట్రో వేస్తే తప్ప ఊరు బతకదు. మెట్రో వేసే వేళకు తెరంతా బూడిద రంగుకు తిరుగుతుంది. భవనాలు మాయమై సొరంగాలు మాత్రం మిగులుతాయి. అక్కడ వీడియో తియ్యడానికి ఏమీ ఉండదు. అందుకే ఆ పని పెళ్ళానికి వచ్చింది.

ఆమెకు అది కొత్త కాదు. సిటీ బస్సులకు టైమ్‌టేబుల్ వేసే ఆఫీసులో ఆరేళ్ళు పనిచేసింది. ఏ రూట్లో ఎన్ని నిమిషాలకొక బస్సు తిరగాలో, వర్షం పడితే ఏ స్టాపులో జనం పేరుకుపోతారో కాగితం చూడకుండా చెప్పేది. ఆమె వేసిన టైమ్‌టేబుల్ మీద సెక్షన్ హెడ్ తన సంతకం పెట్టి పైకి పంపేవాడు. ఒకసారి ధైర్యం చేసి అడిగితే, “సంతకం ఎవరిదైతే ఏంటమ్మా, బస్సు వచ్చిందా లేదా?” అన్నాడు. తర్వాత అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి అన్నారు. ఆ ఎవరో ఒకరు ఎవరని ఎవరూ అడగలేదు, ఆమెతో సహా.

భోజనాలయ్యాక అత్తగారు కునుకు తీసే గంటన్నర ఆమెది. మొదటి రోజే, ఆ పని వదిలేసేముందు మొగుడు చేసిన తప్పు కనిపించింది. నడిబొడ్డున పెద్ద గుమ్మటం కట్టి, దాని కిందికి లైన్లన్నీ తీసుకొచ్చి కలిపేశాడు. పక్క వీధికి పోవాలన్నా అక్కడ దిగి రైలు మారాల్సిందే. ప్లాట్‌ఫారం మీద ఎనిమిది వేల మంది నిలబడి ఉన్నారు. ఆమెకు తన సంగతే గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఈ ఇంట్లో తనూ అలాంటి స్టేషనే. అతని సాక్సు, అత్తగారి మాత్రలు, కుళాయి బాగుచేసేవాడి ఫోను, ఆడపడుచు అలక, అన్నీ ఆమె మీదుగానే పోవాలి. ఆ గుమ్మటం కింది స్టేషన్ను మౌస్ రెండు నొక్కుల్లో కూల్చేసింది. ఊరి చుట్టూ ఒక వలయం లైను వేసి, జనం ఐదు వేర్వేరు చోట్ల రైలు మారేట్టు చేసింది. మూడు వారాల్లో రోడ్లు ఊపిరి పీల్చుకున్నాయి.

ఎవరో కామెంటు పెట్టారు: ‘అన్నా, మీ మెట్రో అద్భుతం!’ దాని కింద నగరాధిపతి జవాబు: ‘ఎంతో ఆలోచించి వేశాను తమ్ముడూ.’ అది చదివిన ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మధ్యాహ్నమే మొదటి స్టేషన్ పేరు మార్చింది. ఆట తనంతట తానే ఏవో పేర్లు పెడుతుంది, కావాలంటే మనం మార్చుకోవచ్చు. పాత బజారు దగ్గరి స్టేషనుకి ‘పొద్దున్నుంచీ ఇంట్లో ఏం చేస్తున్నావ్’ అని టైపు చేసింది. చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసుకుంది. చాలా హాయిగా అనిపించింది.

ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. ఆసుపత్రి దగ్గర ‘తలనొప్పి నీకొక్కదానికేనా’. యూనివర్సిటీ దగ్గర ‘నీకు అర్థం కాదులే’. విమానాశ్రయం దగ్గర ‘పుట్టింటికెళ్ళి ఏం చేస్తావ్’. ఆకుపచ్చ లైను మొత్తం అత్తగారికే రాసిచ్చింది: ‘మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా’, ‘నేనేమన్నా అన్నానా ఇప్పుడు’, ‘మా వాడు చిక్కిపోయాడు’. రోజుకు పదకొండు వేల మంది ‘నీకేం, హాయిగా ఇంట్లో ఉంటావ్’లో దిగి, పరుగుపరుగున ‘నా టవలేదీ’ వైపు రైలు మారేవారు. ఆ లెక్క తెర మీద చూసి ఆమె పడీ పడీ నవ్వితే నిద్రాభంగమైన అత్తగారు, “ఒక్కదానివే ఏంటా ఇకఇకలు?” అని కేకేసింది. అదీ పనికొచ్చింది. తూర్పున ఒక స్టేషనుకి ఇంకా పేరు కుదరలేదప్పటికి.

ఇంతకుముందు ఒక మాట పడితే రెండు రోజులు గొంతులో అడ్డం పడి ఉండేది. ఇప్పుడు సాయంత్రం మొగుడు ఏదైనా అంటే, దీన్ని ఏ లైన్లో పెట్టాలా అని ఆలోచించేది. అతను చూస్తాడన్న బెంగ లేదు. అతను భూమి కిందికి దిగడు కదా.

అప్పుడే ఆట తయారుచేసే కంపెనీ పోటీ పెట్టింది. అతని నగరం చివరి నాలుగింటిలోకి వచ్చింది. ఆదివారం లైవ్‌లో నగరమంతా చూపించాలి. గెలిచినవాళ్ళకు కంపెనీలోనే ఉద్యోగం, ఇంటి నుంచే కొత్త నగరాలకు మెట్రోలు వెయ్యడం. అతను ఆఫీసంతా చెప్పాడు, అత్తగారు చుట్టాలందరికీ ఫోన్లు చేసింది.

శనివారం ఆమె స్టేషన్ల జాబితా ముందు పెట్టుకుని కూర్చుంది. పదిహేడు పేర్లు. పాత పేర్లు మళ్ళీ పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. ఒక్కసారి అడిగి చూద్దాం, చెప్పేదాన్ని బట్టి చేద్దాం అనుకుంది. అతను అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

“ఏమండీ, మెట్రో నేను వేశానని రేపు ఒక్క మాట చెప్తారా?”

“నువ్వు వేసిందేముందోయ్?” అన్నాడు, బుగ్గ బిగబట్టి. “ఊరు నాది. నువ్వు గీతలు గీశావంతే.” మళ్ళీ జాలిపడ్డట్టు, “గెలవనీ, నీకు వేరే కంప్యూటర్ కొనిపెడతాలే. ఆ పని రేపట్నుంచీ నువ్వేగా చెయ్యాలి,” అన్నాడు.

“అలాగేనండీ,” అంది ఆమె. వెళ్ళి ఉత్తరం కొసన పద్దెనిమిదో స్టేషన్ కట్టి, ‘గీతలు గీశావంతే’ అని పేరు పెట్టింది. మిగతా పదిహేడూ అలాగే ఉంచింది.

ఆదివారం పదకొండింటికి లైవ్ మొదలైంది. చూస్తున్నవాళ్ళు నాలుగు వేల పైమాటే. ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, కెమెరా ముందు కూర్చుని అతను వంతెనలన్నీ చూపించాడు. అత్తగారు సోఫాలో ఫోను పట్టుకుని మురిసిపోతోంది. ఆమె గుమ్మంలో నిలబడింది. కంపెనీ తరఫున మాట్లాడే అమ్మాయి అంతా విని, “పైన బావుంది సార్. మార్కులు పడేది మెట్రోకే. ఒక రైలెక్కుదామా?” అంది.

రైలు కదిలింది. స్టేషన్ రాగానే పేరు తెరంతా పరుచుకుంది. ఆ అమ్మాయి అలవాటుగా చదివేసింది: “తర్వాతి స్టేషన్... పొద్దున్నుంచీ ఇంట్లో ఏం చేస్తున్నావ్.” చదివాక ఫక్కున నవ్వింది. తర్వాత ‘నీకు అర్థం కాదులే’ వచ్చింది. ‘నా టవలేదీ’ వచ్చింది. కామెంట్లు వానలా కురిశాయి. ‘మా ఇంటి స్టేషన్ కూడా ఇదే’ అని రాసినవాళ్ళే వందల్లో ఉన్నారు. రైలు ఆకుపచ్చ లైనుకి మారేసరికి, “ఇదేంటే, నా మాటలు అందులోకెలా వచ్చాయి!” అన్న అత్తగారి గొంతు మైకులో నాలుగు వేల మందికీ వినిపించింది. ‘గీతలు గీశావంతే’ దగ్గర రైలు ఆగిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు నవ్వడం లేదు.

“ఈ పేర్లు ఎవరు పెట్టారు సార్?”

తనే పెట్టానంటే ఆ మాటలన్నీ తనవే అవుతాయి. పెళ్ళాం పెట్టిందంటే, ఆమెకు మెట్రోలో ఏం పని అని అడుగుతారు.

“మా ఆవిడండీ... సరదాకి,” అన్నాడతను. “పేర్లు మాత్రమే తనవి. మెట్రో నాదే.”

“అలాగా. మరి లైన్లన్నీ నడిబొడ్డున ఎందుకు కలపలేదు? పోటీలో ఇంకెవరూ ఇలా వెయ్యలేదు. కాస్త వివరంగా చెప్పండి.”

అతను మౌస్‌ను అటూ ఇటూ తిప్పాడు. బూడిదరంగు తెర మీద అతనికి దిక్కు తెలియలేదు. చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది. చివరికి వెనక్కి తిరిగి, “ఏమోయ్, ఒకసారి ఇలా రా. వీళ్ళకి కాస్త చెప్పు,” అన్నాడు, కూర్చున్నచోటి నుంచి కదలకుండానే మైకు ఇటు తిప్పుతూ.

ఆమె వచ్చి పక్కన నిలబడింది. మైకు వైపు వంగలేదు.

“ముందు మీరు లేవండి,” అంది.

అతను లేచాడు. సమాధానం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆమె కుర్చీలో కూర్చుని అరగంట చెప్పింది, ఒక్కో స్టేషనూ అక్కడే ఎందుకు వేసిందో, ఆ మాట ఎవరు ఎప్పుడన్నారో విడమరిచి మరీ చెప్పింది. అంతసేపూ అతను ఆమె కుర్చీ వెనకాలే నిలబడి ఉన్నాడు, అందరికీ కనిపిస్తూ.