శిక్షణ కోసం మాత్రమే

బొమ్మ బిడ్డ పొట్టలో ఇసుక మళ్ళీ తగ్గింది. ఆమె దాని వీపు మీది కుట్టు విప్పి, చెంచాతో ఇసుక పోసి, చేతుల్లోకి ఎత్తి చూసి, ఇంకో రెండు చెంచాలు వేసింది. తొమ్మిది నెలల బిడ్డ తొమ్మిది నెలల బరువే ఉండాలి. దూదిలా ఉంటే ఎత్తుకున్న అమ్మాయి చేతికి అది బొమ్మేనని తెలిసిపోతుంది. ఇక అడగవలసినవి అడగదు. సూదిలో దారం ఎక్కించడానికి ఇవాళ నాలుగుసార్లు పట్టింది. కుట్టు ముగించి మంచం అంచున కూర్చుని ఊపిరి కూడదీసుకుంది. కూర్చుని చేసిన పనికి కూడా ఆయాసం వస్తుందని ఆమెకు ఈ నెలలోనే తెలిసింది.

నర్సింగ్ కళాశాల మూడో అంతస్తులో, నడవా చివర ప్లైవుడ్ గోడలతో కట్టిన ఒంటిగది ఇల్లు అది. ఒక మంచం, ఎన్నడూ వెలగని పొయ్యి, కావాలనే మూత తీసి పెట్టిన నీళ్ళ బిందె, తలుపు వెనక వాన నీళ్ళు నిలిచినట్టుగా నింపి పెట్టిన డబ్బా. ఇంటింటికీ తిరిగి జనం ఆరోగ్యం చూడవలసిన నర్సులు నిజమైన ఇంటి గడప తొక్కే ముందు ఈ గడప తొక్కాలి. సంచి ఎక్కడ పెట్టాలి, ముందు చేతులు ఎలా కడుక్కోవాలి, కసురుకునే మనిషి ముందు ఎలా కూర్చోవాలి, అన్నీ ఇక్కడే. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంటి అత్తగారు ఆమె. విద్యార్థినులు, అయ్యవార్లు, కింద కాపలా మనిషి, అందరూ అత్తగారూ అనే పిలిచేవారు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉండేది, కార్డు బీరువాలో ఉండేది.

మొదట్లో ఆమె సీసాలు కడగడానికి వచ్చిన మనిషి. ఒకరోజు గయ్యాళి అత్త వేషం వేయవలసిన ఆవిడ రాలేదు. అప్పటి పెద్ద సిస్టర్ ఈమె తడి చేతులు పట్టుకుని తెచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. “నీకు వచ్చిందే చెయ్యి. ఒక్కటే నియమం. అడిగితేనే చెప్పు, అడగనిది చెప్పకు. మంచి నర్సు అడుగుతుంది” అంది. ఆ రోజు ఆమె తన సొంత అత్తగారిని తలుచుకుని నోరు విప్పింది. ఇద్దరు పిల్లలు ఏడుస్తూ బయటికి పరుగెత్తారు. పెద్ద సిస్టర్ చప్పట్లు కొట్టింది. అంతే, సీసాలు వేరొకరి పాలయ్యాయి.

లోకమంతా ఇంట్లో పులి, వీధిలో పిల్లి అయితే, ఆమెది తిరగేసిన సంసారం. కళాశాలలో పులి. ఇంట్లో కోడలి ముందు గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టే పిల్లి. కోడలు చెడ్డది కాదు, నోరున్నది. పొద్దుటి నుంచి పదిమందిని తిట్టి వచ్చిన మనిషికి ఇంట్లో తిట్లు తినడం ఒక విశ్రాంతిలా ఉండేది.

పోయిన ఏడాది కళ్ళకు తగిలించుకునే పెట్టెలు వచ్చాయి. అవి పెట్టుకుంటే ఇల్లు కనిపిస్తుంది, అందులో అత్తగారు కనిపిస్తుంది, కసురుతుంది. ఆ అత్తగారూ ఆమే. మూడు రోజులు పచ్చ గుడ్డ ముందు కూర్చోబెట్టి, ఒక్కో మాట ఏడు విధాలుగా చెప్పించి కెమెరాలో పట్టుకున్నారు. ఆమె ఒకసారి పెట్టుకుని చూసింది. తనకు తానే “మా ఇంట్లో ఎవరికీ సూదులూ గీదులూ వద్దు, పో” అని చెప్పుకుంది. బాగానే చెప్పింది. ఆ పెట్టెలోని ఆవిడకు ఆయాసం లేదు.

కొత్త మేడమ్ దాపరికం లేని మనిషి. వారం క్రితమే వచ్చి మంచం మీద పక్కన కూర్చుని చెప్పింది. “అత్తగారూ, పైవాళ్ళు ఈ గది తీసేసి ఇంకో పది పెట్టెలు పెడదామంటున్నారు. నేను ఒక్క అవకాశం అడిగాను. ఇరవైమంది పిల్లలు పెట్టెలోనూ, మీ గదిలోనూ ఒకే పరీక్ష రాస్తారు. గది మార్కులు ఎక్కువొస్తే గది ఉంటుంది.”

“ఎక్కువే వస్తాయిలెండి” అంది ఆమె. అప్పటికే పాదాలు సాయంత్రానికి రొట్టె పిండిలా పొంగుతున్నాయి. చెబితే సెలవు పెట్టమంటారు. ఆమె సెలవు పెడితే పరీక్ష జరగదు, పరీక్ష జరగకపోతే గది పోతుంది. గది పోతే ఆమెకు పగలు లేదు. అందుకని చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఇవాళ ఆ పరీక్ష. మేడమ్ మూలన కుర్చీ వేసుకుని ఒళ్ళో పలక లాంటి తెర పెట్టుకుంది. అందులో పన్నెండు గళ్ళు. చేతులు కడిగిందా, బిందె చూసిందా, పరుపు కింద దాచిన టీకా కార్డు బయటికి రప్పించిందా, ఇలా పన్నెండు. ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు, తరవాత గంట.

పిల్లలు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. కొందరు నోట్లో పాఠం పెట్టుకుని వచ్చారు, కొందరు వణుకు పెట్టుకుని వచ్చారు. ఆమె అందరినీ తిట్టింది, కానీ తూకం వేసి తిట్టింది. బెదిరే పిల్లకు దారి వదిలింది, బడాయి పిల్లకు తలుపు మూసింది. పెట్టెలోని ఆవిడ ఎవరొచ్చినా ఒక్కలాగే కసురుతుంది, ఈ తూకం దానికి రాదు. పదిహేనోది వెళ్ళేసరికి ఆమె నడుము నిలవలేదు. గంటకీ గంటకీ మధ్య గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. మేడమ్ తెర చూసి సంబరంగా బొటనవేలు ఎత్తింది. గది ముందుంది.

పదిహేడోది నిదానమ్మ. అది తోటిపిల్లలు పెట్టిన పేరు. అన్నం తినడానికి గంట, మెట్లు ఎక్కడానికి గంట. ఆ పిల్ల గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపల పాత పేపరు పరిచి, దాని మీద సంచి పెట్టి, సబ్బు తీసి చేతులు కడుక్కుంది. కడగడానికే రెండు నిమిషాలు.

“ఎవరే నువ్వు? మళ్ళీ సూదులేనా? పోయిన నెల వచ్చినదాన్ని తరిమాను, తెలుసా?” అంది ఆమె. తెలుసాకి ముందు ఊపిరి తెగింది.

నిదానమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఆమె పాదాల వైపు చూసింది. “చెప్పుల పట్టీ అచ్చు పడిందేంటి అత్తగారూ?”

“నా కాళ్ళ సంగతి నీకెందుకు? మనవడి సంగతి అడుగు!”

“అడుగుతాను. ముందు ఇది.” ఆ పిల్ల బొటనవేలితో చీలమండ మీద నొక్కి తీసింది. గుంట పడింది. గుంట పూడలేదు. ఇద్దరూ దాని వంక చూశారు. “రాత్రి పడుకుంటే ఊపిరాడుతుందా? దిండ్లు ఎన్ని పెట్టుకుంటారు?”

ఇరవై ఆరేళ్ళలో ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నియమం ప్రకారం అడిగితే చెప్పాలి. “మూడు” అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఏడుపొచ్చినంత పనయింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

గంట మోగింది. పన్నెండు గళ్ళలో అయిదు నిండాయి. పెట్టెలో అదే పిల్ల పన్నెండుకు పన్నెండు తెచ్చుకుంది.

మేడమ్ నుదురు పట్టుకుంది. “టీకా కార్డు అడగలేదు, బిందె చూడలేదు. కేసులో లేని కాళ్ళ దగ్గర కూర్చుండిపోతే ఎలాగమ్మా?”

“కేసులో లేదు మేడమ్. ఆవిడకుంది.”

మేడమ్ అనుమానంగా మంచం వైపు తిరిగింది. “అత్తగారూ, ఇవాళ మీరు కొత్తగా ఏమైనా కలిపారా? ఈ ఆయాసం అదీ?”

నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో ఆమెకు బిందె కనిపించింది, కుట్టు వేసిన బొమ్మ కనిపించింది, బయట వరుసలో నిలబడ్డ ముగ్గురు కనిపించారు. “కాస్త కలిపానమ్మా. పిల్లలు హుషారుగా ఉన్నారా లేదా చూద్దామని” అంది.

మేడమ్ నవ్వింది. “మీరు అసాధ్యులు! పాదాలకు అదేం పూశారు? కాని ఈ పూట వద్దండీ, మార్కులు పోతున్నాయి.” నిదానమ్మ నవ్వలేదు. సంచి సర్దుకుని, పేపరు మడిచి, తలవంచుకుని వెళ్ళింది. ఆ వంగిన మెడ చూసి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. మిగిలిన ముగ్గురినీ పళ్ళబిగువున ముగించింది. మొత్తం మీద గది మూడు మార్కులతో గెలిచింది. మేడమ్ ఆమెను కౌగిలించుకుంది. ఆమె కూడా నవ్వింది. ఒళ్ళు మాత్రం ఎవరో పిండి ఆరేసినట్టుంది.

కింద కొళాయి దగ్గర నిదానమ్మ కాచుకుని ఉంది. చేతిలో చీటీల పుస్తకం. రోగిని ఆసుపత్రికి పంపేటప్పుడు రాసిచ్చే చీటీల్లాంటివే, నేర్చుకోవడానికి అచ్చువేయించినవి. ప్రతి దాని మీదా అడ్డంగా నీలం ముద్ర: శిక్షణ కోసం మాత్రమే. ఆ పిల్ల ఒకటి చింపి ఇచ్చింది. పాదాల వాపు, ఆయాసం, మూడు దిండ్లు, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. చివర్న, ఈరోజే చూడవలెను అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

“నా దగ్గర వేరే కాగితం లేదండీ. ఆసుపత్రిలో ఇది చూపించండి, చదువుతారు.”

“నీ మార్కులు నేనే పోగొట్టానే తల్లీ.”

“మార్కులదేముంది. ఇవాళే వెళ్ళండి. రేపు మీ ఇంటికొచ్చి చూస్తాను, వెళ్ళారో లేదో.”

“వస్తావా? పంపాక మళ్ళీ వెళ్ళి చూడాలని ఎవరు చెప్పారు నీకు?”

“మీరే. రెండో ఏడాదిలో.”

ఆమె ఆ పిల్ల బుగ్గ తాకి, చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. ఆసుపత్రి బస్సు ఎడమ వైపు ఆగుతుంది, ఇంటి బస్సు కుడి వైపు. కుడి వైపుది ముందు వచ్చింది, కూర్చోవడానికి చోటు కూడా ఉంది. రేపు మేడమ్‌కు నిజం చెప్పి, ఆ పిల్ల మార్కులు ఆ పిల్లకు ఇప్పించి, అటు నుంచి అటే ఆసుపత్రికి పోవచ్చు అనుకుంది. గెలిచిన రోజు కదా, ఒక్క పూట ఇంట్లో కూర్చోవాలనిపించింది.

కోడలు వంటగదిలోంచే మొదలుపెట్టింది. “వచ్చారా? ముఖమేంటి అలా వేలాడుతోంది? ఎంతమందిని తిట్టారేంటి ఇవాళ? రేపు కొట్టుకెళ్తున్నాను, ఏం కావాలో రాసి పెట్టండి. నోటితో చెబితే నేను మర్చిపోతాను, మళ్ళీ నన్నంటారు.”

ఆమె ఎన్నడూ ఏమీ అనలేదు. కిటికీ పక్క కుర్చీలో కూలబడి సంచిలో చెయ్యి పెట్టింది. ఇంట్లో సరుకుల పట్టీలన్నీ శిక్షణ చీటీల వెనకే రాయడం ఇరవై ఆరేళ్ళ అలవాటు. పాడైన చీటీలు కట్టలు కట్టలుగా వచ్చేవి ఇంటికి. చేతికి తగిలిన కాగితం తీసి, ఒళ్ళో పెట్టుకుని, నిదానంగా రాసింది. రాసి కోడలి చేతికిచ్చింది. కోడలు దాన్ని ఉప్పు డబ్బా కింద పెట్టి టీ మరిగించడానికి వెళ్ళింది.

టీ తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది. “తాగండి అత్తయ్యా, చల్లారిపోతుంది.” ఆమె తల కిటికీ వైపు వాలి ఉంది. నిద్రపోయిందనుకుని కోడలు ఆమె పాదాల కింద పీట జరిపింది, ఎండ ముఖాన పడకుండా తెర లాగింది, గొంతు తగ్గించి తనలో తాను గొణుక్కుంటూ బట్టలు మడత పెట్టింది. బట్టలన్నీ అయ్యాక టీ వేడి చేసి ఇద్దామని గ్లాసు తీస్తూ చెయ్యి తాకింది. టీ కంటే చెయ్యి చల్లగా ఉంది.

మర్నాడు పదిన్నరకు నిదానమ్మ వచ్చింది. గుమ్మం బయట చెప్పులు చాలా ఉన్నాయి. తనవీ అక్కడే విడిచింది. లోపల కోడలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళాశాల దుస్తులు చూడగానే భోరుమంది. “మీ దగ్గర పులిలా తిరిగేదట కదమ్మా! నాతో ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు.”

నిదానమ్మ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. తరవాత నీళ్ళు తెద్దామని లేచి వంటగదిలోకి వెళ్ళింది.

గట్టు మీద ఉప్పు డబ్బా ఉంది. దాని కింద కాగితం, సరుకులు రాసిన వైపు పైకి: సబ్బులు రెండు, అగ్గిపెట్టె, టీ పొడి, నాకు చెప్పులు ఒక సైజు పెద్దవి. పల్చటి కాగితంలోంచి అవతలి వైపు నీలం ముద్ర, రెండు గీతలు లీలగా కనిపిస్తున్నాయి.